లైవ్ చూస్తే ఆరాధన అయినట్టేనా?

దేవరకొండ వైపు పల్లెల్లో సంఘ కాపరిగా ఇళ్లు దర్శించడానికి వెళ్లినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటుంది: "ఆదివారం ఫోన్ల లైవ్ చూసినం అయ్యగారూ, మా ఆరాధన అయిపోయింది." ఈ అపోహకు విత్తనం వేసినవారిలో నేనూ ఒకడిని. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరాలు మూతపడినప్పుడు, ఇంటి నుండే చూడండని చెప్పింది మేమే. తలుపులు తెరిచాక మాత్రం, ఆ ఏర్పాటు అప్పటివరకేనని గట్టిగా చెప్పలేకపోయాం.

ఇంట్లో ఉండిపోవడానికి చాలామంది చూపే ఆధారం మత్తయి 6వ అధ్యాయం 6వ వచనం, అంటే గదిలోనికి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమన్న మాట. నలుగురికీ కనబడాలని వీధి మూలల్లో నిలిచి ప్రార్థించే వేషధారులను ఉద్దేశించి ప్రభువు ఆ మాట అన్నాడే తప్ప, సంఘంగా కూడవద్దని అనలేదు. మూడు వచనాల తరువాత ఆయనే నేర్పిన ప్రార్థన "మా తండ్రీ" అని మొదలవుతుంది గాని "నా తండ్రీ" అని కాదు. ఏకాంత ప్రార్థన ఉండవలసిందే. అయితే "సమాజముగా కూడుట మానక" అని హెబ్రీ పత్రిక 10:25లో రాసి ఉన్నది కూడా మనకే, అందులోనే ఒకరినొకరు హెచ్చరించుకోవాలని ఉంది. తెర మీది బోధకుడు ఎంత గొప్పగా బోధించినా, మీరు మూడు వారాలుగా కనబడడం లేదని ఆయనకు తెలిసే దారి లేదు.

ఈ అపోహ వల్ల జరిగే అసలు నష్టం ఏమిటో నాకు ఒక సోదరి ఇంట్లో అర్థమైంది. ఆమె ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి, కూర తరుగుతూ ప్రసంగం వింటోంది. మధ్యలో అప్పులిచ్చే యాప్ ప్రకటన వస్తే మోచేత్తో దాటవేసింది. అంతకు ముందు నెలలో ఆమె భర్త హైదరాబాదులో పరంజా మీది నుండి పడి కాలు విరగ్గొట్టుకుని, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. తెర మీద కనిపించిన నంబరుకు ఆమె ప్రార్థన మనవి పంపితే, కృతజ్ఞతలతో పాటు కానుకలు పంపవలసిన ఖాతా నంబరు జవాబుగా వచ్చింది. రెండిళ్ల అవతల ఉన్న మా స్త్రీల సమాజపు పెద్దమ్మకు కూడా ఈ సంగతి తెలియదు. "ఒక్కరన్న రాలేదేంది అయ్యగారూ?" అని ఆ సోదరి అడిగితే నేను తల వంచుకున్నాను, ఎందుకంటే ఆమె ఎందుకు రావడం లేదో నేనూ అన్నాళ్లూ అడగలేదు. ఆ మరుసటి రోజు నుండి మా వాళ్లు వంతుల వారీగా ఆ ఇంటికి అన్నం డబ్బాలు మోశారు. యాకోబు పత్రిక 5:14లో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది. పిలవాలంటే ముందు ఆ పెద్దలెవరో తెలిసి ఉండాలి కదా!

బిస్కెట్టు, రస్నా పెట్టుకొని ఫోన్ ముందు ఒంటరిగా ప్రభు బల్ల (ప్రభువు మరణాన్ని తలచుకుంటూ సంఘంగా పుచ్చుకునే రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటున్నామని కొందరు చెబుతారు. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండాలని 1 కొరింథీ 11:33 చెబుతుంది. ఒంటరిగా కూర్చుంటే ఎవరి కోసం కనిపెడతారు?

ఇక, ఫోన్‌లో బైబిల్ చదివితే పాపమని, పది మందికి ఫార్వర్డ్ చేయకపోతే శాపం తగులుతుందని తిరిగే మాటలకు వాక్యంలో ఏ ఆధారమూ లేదు; వాటిని తుడిచివేయండి.

పాలమూరు నుండి ముంబయికి వలస వెళ్లినవారూ, ఆదివారం డ్యూటీ పడే నర్సులూ, మంచం పట్టిన పెద్దలూ దీన్ని చదివి భయపడవద్దు. మీకు ఆ లైవ్ నిజంగానే ఆదరణ, దాన్ని మానవలసిన పని లేదు. వలస వెళ్లినవారు అక్కడ దగ్గరలో తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో వాకబు చేయండి. మంచం పట్టినవారు మాకు ఒక్క ఫోన్ చేయండి, ప్రభు బల్లను మీ ఇంటికే తెస్తాం. చాలాకాలం మానేసి, ఇప్పుడు ఏ ముఖంతో రావాలని మొహమాటపడేవారు ఒక ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చోండి. ఆ సోదరి కూడా మొదట అక్కడే కూర్చుంది, ఆమెను అందరూ అడిగింది భర్త కాలు ఎలా ఉందనే.