రేడియో స్టేషన్ ఫార్మాట్ మార్చడం: అపోహలు - వాస్తవాలు

చిన్న ఊరి రేడియో స్టేషన్‌లో ఏ పాట ఏ గంటకు వెళ్లాలో చూసే పని నాది. ఫార్మాట్ మార్పు, అంటే స్టేషన్ వేసే సంగీతం తీరునే మార్చేయడం, రెండుసార్లు దగ్గరుండి చేశాను. మొదటిది నిలబడింది. రెండోది నిలబడలేదు, ఏడాది తిరగకుండానే వెనక్కి వచ్చేశాం. ఈ మార్పు మాట ఎత్తినప్పుడల్లా యజమానుల నుంచి, యాడ్లు ఇచ్చేవాళ్ల నుంచి, కొత్తగా చేరిన ఆర్‌జేల నుంచి అవే మాటలు వింటుంటాను. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మాను. నమ్మినందుకు శ్రోతలను పోగొట్టుకున్నాం కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఫార్మాట్ అంటే ప్లేలిస్టే. పాటలు మారిస్తే స్టేషన్ మారిపోతుంది.

వాస్తవం: పాటలు మార్చడం ఒక్క రాత్రి పని. అసలు పని క్లాక్ దగ్గర ఉంటుంది. ఒక గంటను గడియారం ముఖంలా గీసుకుని, ఏ నిమిషానికి ఏం రావాలో అందులో రాసుకుంటాం. దాన్నే క్లాక్ అంటాం. గంట మొదట్లో అందరికీ తెలిసిన గట్టి పాట, తర్వాత జింగిల్ (స్టేషన్ పేరు వినిపించే చిన్న సంగీతం ముక్క), వెంటనే ఇంకో పాట, ఆపైన ఆర్‌జే లింకు (పాటల మధ్య ఆర్‌జే చెప్పే మాట), ఇరవై నిమిషాలు దాటాక యాడ్లు, ఇలా సాగుతుంది. యాడ్లను సరిగ్గా పావుగంట గీత మీద పెట్టకుండా జరపడానికి ఒక కారణం ఉంది. అమెరికా రేటింగుల లెక్కలో ఏళ్ల తరబడి, పావుగంటలో కనీసం 5 నిమిషాలు వింటేనే ఆ పావుగంట స్టేషన్ ఖాతాలో పడేది; మీటర్లతో కొలిచే నగరాల్లో 2025 నుంచి అది 3 నిమిషాలైంది. అందుకే ఒక పావుగంట నుంచి ఇంకో పావుగంటలోకి శ్రోతను పాట మీద దాటించాలని చూస్తారు. రేటింగుల సంగతి పక్కన పెట్టినా, మంచి పాట మధ్యలో ఉంటే మనిషి స్టేషన్ మార్చడు. ఆ సూత్రం ఎక్కడైనా పనిచేస్తుంది.

మా రెండో మార్పు దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. నెమ్మదైన పాత పాటలు తీసేసి వేగమైన కొత్త పాటలు పెట్టాం. క్లాక్ మాత్రం పాతదే ఉంచాం. పాట ఊపుగా ముగిసేది, ఆ వెంటనే రెండు నిమిషాల తీరికైన లింకు. జింగిల్‌లో అదే పాత వేణువు. ఊపులో ఉన్న మనిషిని కూర్చోబెట్టి కథ చెప్పినట్టు ఉండేది. ఆర్‌జే తప్పు కాదది. ఏళ్ల తరబడి ఆమె నెమ్మదైన పాటల మధ్య మాట్లాడింది, ఆమె ఊపిరి కూడా ఆ పాటల కొలతకే అలవాటు పడింది. కొత్త పాటల పల్లవికి ముందు వాద్యం వినిపించేది పదిహేను సెకన్లే, ఆ పదిహేను సెకన్లలో మాట మొదలుపెట్టి, గాయకుడి గొంతు రాకముందే ముగించడం ఒక విద్య. దానికి కనీసం నెల రోజులు రిహార్సల్ కావాలి. మేం ఆమెకు ఇచ్చింది రెండు రోజులు.

అపోహ: రిక్వెస్ట్ ఫోన్లు చూస్తే శ్రోతలకు ఏం కావాలో తెలిసిపోతుంది.

వాస్తవం: ఫోన్ చేసేవాళ్లు మన ఆప్తులు, వాళ్లను గౌరవించాలి. కానీ వాళ్లు మొత్తం శ్రోతల్లో చిన్న ముక్క. ఒకసారి మా రిక్వెస్ట్ పుస్తకం ముందేసుకుని నెల రోజుల పేజీలు తిరగేశాను. అవే పేర్లు, అవే చేతిరాతల్లో, మళ్లీ మళ్లీ. ఒకాయన దాదాపు రోజూ ఒకే పాట అడిగాడు. ఆయన ప్రేమ నిజమే. అయితే వంట చేస్తూ, బండి నడుపుతూ, పని చేసుకుంటూ వినేవాళ్లకు ఫోన్ అందుకునే తీరిక ఉండదు. వాళ్లకు నచ్చకపోతే ఫిర్యాదు కూడా చేయరు, మీట తిప్పేస్తారు.

అందుకే పాటను పరీక్షించడానికి వేరే పద్ధతి ఉంది. పాటలో అందరూ గుర్తుపట్టే ముక్క, ఏడెనిమిది సెకన్లది, కోసి పెట్టుకుంటాం. దాన్ని హుక్ అంటాం. అది వినిపించి మూడు ప్రశ్నలు అడుగుతాం. ఈ పాట తెలుసా? ఇష్టమా? విని విని విసుగొచ్చిందా? పెద్ద స్టేషన్లు ఈ పని కంపెనీలకు డబ్బిచ్చి చేయిస్తాయి. చిన్న స్టేషన్ ఓపికగా ఫోన్ పట్టుకుని తానే చేసుకోవచ్చు, రకరకాల వయసుల వాళ్లను, మనకు ఎప్పుడూ ఫోన్ చేయనివాళ్లను వెతికి మరీ అడిగితే చాలు. నా అనుభవంలో మూడో ప్రశ్నే బంగారం. ఒక పాట అందరికీ ఇష్టమే, అందరికీ విసుగూ వచ్చింది అంటే దాన్ని చంపేయనక్కర్లేదు, కొన్ని వారాలు పడుకోబెడితే మళ్లీ తాజాగా లేస్తుంది. విసుగు సంగతి అడగకుండా ఇష్టం ఒక్కటే అడిగితే, ఆ పాటను ఇంకా ఎక్కువ వేసి శాశ్వతంగా పాడు చేసుకుంటాం.

అపోహ: వేసిందే వేయడం బద్ధకం. లైబ్రరీలో వేల పాటలుంటే శ్రోతలు సంతోషిస్తారు.

వాస్తవం: పాటలు తిరగడం రోజంతా వినిపించేది స్టేషన్‌లో కూర్చున్న మాకు. శ్రోత వచ్చేది కాసేపు. ఆ కాసేపట్లో తనకు తెలిసిన, నచ్చిన పాట తగలాలి. అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టోర్జ్ అనే యజమాని 1950ల మొదట్లో తన కేఓడబ్ల్యూహెచ్ స్టేషన్‌లో జనం బాగా కోరే కొన్ని పాటలనే తిప్పి తిప్పి వేయించాడు. జ్యూక్‌బాక్స్‌లో నాణెం వేసిన ప్రతివాళ్లూ అవే పాటలు పెట్టుకోవడం చూశాక ఆ ఆలోచన వచ్చిందని రేడియోవాళ్లు చెప్పుకుంటారు. టాప్ 40 ఫార్మాట్ అలా పెరిగింది.

అసలు ఫిర్యాదు చాలాసార్లు పాటల సంఖ్య మీద కాదు, రొటేషన్, అంటే పాటలు తిరిగి తిరిగి వచ్చే చుట్టు, లెక్క తప్పడం మీద. బాగా నడుస్తున్న కొత్త పాటలు 8 ఉన్నాయనుకోండి. గంటకు రెండు వేస్తే నాలుగు గంటల్లో చుట్టు పూర్తవుతుంది. నాలుగు 24ను నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే ఉదయం 8 గంటలకు పడిన పాట రేపూ 8కే, ఎల్లుండీ 8కే. రోజూ ఆ వేళకే పనికి బయల్దేరే మనిషికి మీ దగ్గర ఒకే ఒక్క పాట ఉన్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు ఒక పాట తీసేసి 7 చేయండి. చుట్టు మూడున్నర గంటలు. ఇవాళ 8కి పడిన పాట రేపు ఎనిమిదిన్నరకు జరుగుతుంది, ఎల్లుండి తొమ్మిదికి. అదే మనిషికి రోజుకో పాట తగులుతుంది. పాట తగ్గించినా వైవిధ్యం పెరిగింది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతకుముందు నెలల తరబడి మేం వేసింది 8 పాటలే.

అపోహ: ఊళ్లో మనదొక్కటే స్టేషన్. ఏం వేసినా వినక ఎక్కడికి పోతారు?

వాస్తవం: పోతారు. దీనికి ఒక దేశం మొత్తం సాక్ష్యం ఉంది. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ హయాంలో ఆలిండియా రేడియో నుంచి సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. శాస్త్రీయ సంగీతంతో ప్రజల అభిరుచి పెంచాలన్నది ఆశయం. ఆ ఆశయాన్ని నేను తక్కువ చేయను. కానీ అప్పుడు దేశంలో ప్రైవేటు స్టేషన్లు లేకపోయినా జనం ఊరుకోలేదు. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ వెతికి పట్టుకున్నారు. సముద్రం అవతలి నుంచి, గరగరల మధ్య వినిపించినా సరే, తమ పాటల కోసం అక్కడే ఉండిపోయారు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పుట్టింది, సినిమా పాటలు తిరిగొచ్చాయి.

ఇప్పుడు షార్ట్‌వేవ్ ముల్లు తిప్పే శ్రమ కూడా లేదు, ఫోన్ జేబులోనే ఉంది.

అపోహ: కొంచెం కొంచెంగా మారిస్తే ఎవరికీ తెలియదు, ఎవరూ నొచ్చుకోరు.

వాస్తవం: సగం పాతవి, సగం కొత్తవి కలిపి నడిపే నెలలే అన్నిటికంటే ప్రమాదం. పాత శ్రోతకు ప్రతి రెండో పాట పరాయిది. కొత్త శ్రోతకూ అంతే. ఇద్దరూ స్టేషన్ మార్చే అలవాటు నేర్చుకుంటారు, ఆ అలవాటు నేర్పింది మనమే. అందుకే చాలా స్టేషన్లు ఒక రోజు, ఒక గంట పెట్టుకుని ఒక్కసారిగా మారిపోతాయి. మధ్యలో ఒకట్రెండు రోజులు ఒకే పాట తిప్పడమో, గడియారం చప్పుడు వినిపించడమో చేసి ఆసక్తి పెంచేవాళ్లూ ఉన్నారు. పెద్ద నగరంలో పోటీ స్టేషన్‌కు తెలియకూడదని గుట్టుగా చేస్తారు. చిన్న ఊళ్లో ఆ గుట్టు అనవసరం, పైగా అది శ్రోతలను అవమానించినట్టు ఉంటుంది. మా మొదటి మార్పుకు రెండు వారాల ముందు నుంచే ఆర్‌జేలే తమ గొంతుతో చెప్పారు, ఫలానా రోజు నుంచి ఇలా ఉంటాం, ఎందుకంటే ఇదీ కారణం అని. కోపంగా ఫోన్లు వచ్చాయి. ప్రతి ఫోన్‌కూ జవాబిచ్చాం. తిట్టినవాళ్లలో కొందరు మార్పు రోజున ఎలా ఉందో చూద్దామని పొద్దున్నే రేడియో పెట్టుకున్నారు. యాడ్లు ఇచ్చేవాళ్లకు మాత్రం రేడియోలో చెప్పకముందే, ఎదురుగా కూర్చుని చెప్పాలి.

అపోహ: కొత్త పాటలు పెడితే కుర్రాళ్లు వచ్చేస్తారు.

వాస్తవం: కొత్త పాట కుర్రాళ్లకు మనకంటే ముందే ఫోన్‌లో చేరిపోతుంది. వాళ్లు రేడియో దగ్గరికి వస్తే మనిషి గొంతు కోసం, తమ ఊరి మాట కోసం వస్తారు. అది లేకుండా పాటల వయసు మాత్రమే తగ్గిస్తే ఉన్న పెద్దవాళ్లూ పోతారు.

అపోహ: ఫార్మాట్ మార్చాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి.

వాస్తవం: దేశాన్ని బట్టి, లైసెన్సును బట్టి ఉంటుంది. అమెరికాలో వినోద ఫార్మాట్ ఎంపికను మార్కెట్‌కే వదిలేయవచ్చని 1981లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. బ్రిటన్‌లో స్థానిక స్టేషన్ల లైసెన్సుల్లో ఎలాంటి సేవ ఇవ్వాలో రాసి ఉండేది, 2024 మీడియా చట్టం సంగీతం విషయంలో ఆ పట్టు సడలించింది. కమ్యూనిటీ రేడియోకు మామూలుగా షరతులు ఎక్కువ. ముందు మీ లైసెన్సు కాగితం తీసి చదవండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ పాటలు వరస పెడుతుంది కదా, మనిషితో పనేముంది?

వాస్తవం: పాటలను వరస పెట్టే సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. సెలెక్టర్ అనే ప్రోగ్రామ్ 1979 నుంచి ఉంది. ఒకే గొంతు వెంటవెంటనే రాకూడదు, రెండు విషాద గీతాలు పక్కపక్కన పడకూడదు, నిన్న ఈ గంటలో వచ్చిన పాట ఇవాళ ఇదే గంటలో రాకూడదు, ఇవన్నీ అది చక్కగా చూసుకుంటుంది. కానీ ఆ నియమాలు రాసేది మనిషి. ఫార్మాట్ మారినప్పుడు ప్రతి పాటకూ వేగం, మూడ్, కాలం అన్నీ మళ్లీ విని కోడ్ చేయాలి. ఈ పని ఎవరూ మెచ్చుకోరు, ఎవరికీ కనిపించదు. దీన్ని వదిలేస్తే మిగతాదంతా వృథా.

ఇంకో సంగతి. ఒకరోజు ఊళ్లో ఘోరమైన ప్రమాదం జరిగింది. ఆర్‌జే గొంతు వణుకుతూ ఆ వార్త, సహాయానికి ఎక్కడికి రావాలో చెప్పింది. స్క్రీన్ మీద తర్వాతి పాట చూశాను. ఈలలతో మొదలయ్యే హుషారు పాట. లింకు ముగియడానికి పది సెకన్లు కూడా లేదు. దాన్ని లాగేసి, మాటలు లేని ఒక వాద్య సంగీతం పెట్టాను. కంప్యూటర్ లెక్కలో ఆ హుషారు పాట అన్ని నియమాలకూ సరిపోయిందే.

అపోహ: నెల తిరిగేసరికి మార్పు ఫలించిందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: కొన్నిసార్లు తొందరగానే తెలుస్తుంది. న్యూయార్క్‌లో డబ్ల్యూకేటీయూ 1978 జులైలో సాఫ్ట్ రాక్ నుంచి డిస్కోకు మారి, ఆ ఏడాది చివరికల్లా నగరంలో మొదటి స్థానానికి ఎక్కింది. అందరూ ఈ కథే చెబుతారు. ఆ డిస్కో గాలి కొన్నేళ్లకే తగ్గిపోయిందని, 1985లో అదే ఫ్రీక్వెన్సీ మీద రాక్ స్టేషన్ నడిచిందని చెప్పరు.

మామూలుగా జరిగేది వేరు. పాతవాళ్లు మొదటి వారంలోనే వెళ్లిపోతారు. కొత్తవాళ్లకు మనం మారామన్న సంగతి తెలియడానికే నెలలు పడుతుంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో యజమానికి టెన్షన్, యాడ్లవాళ్లకు అనుమానం, ఆర్‌జేలకు నిరుత్సాహం. చిన్న ఊళ్లలో చాలాచోట్ల రేటింగ్ సర్వేలే ఉండవు కాబట్టి చెప్పుకోడానికి అంకె కూడా ఉండదు. ఆ నెలలకు సరిపడా డబ్బు, ఓపిక ముందే పక్కన పెట్టుకోకపోతే మార్పు మొదలుపెట్టకండి.

అపోహ: మారాక పాత లైబ్రరీతో పని లేదు.

వాస్తవం: న్యూయార్క్‌లోనే డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం మూడు దశాబ్దాలకు పైగా పాత పాటల స్టేషన్‌గా పేరు తెచ్చుకుని, 2005 జూన్ 3న ఒక్కసారిగా జాక్ ఫార్మాట్‌కు, అంటే రకరకాల కాలాల పాటలు కలగలిపి వేసే తీరుకు, మారింది. శ్రోతలు భగ్గుమన్నారు. 2007 జులై 12న తిరిగి పాత బాట పట్టింది. అంత పెద్ద స్టేషనే వెనక్కి రావలసి వచ్చింది.

మేం వెనక్కి వచ్చినప్పుడు మమ్మల్ని కాపాడింది ఒక హార్డ్ డిస్క్. స్థలం కోసం పాత ఫైళ్లు తుడిచేయమని చెప్పినా, మా ఇంజనీర్ వాటిని ఒక డిస్క్‌లోకి ఎక్కించి, పాటల కోడ్‌ల షీటుతో సహా బీరువాలో పెట్టాడు. పైన ప్లాస్టర్ అంటించి పెన్నుతో రాశాడు: "తుడవొద్దు. అడుగుతారు." తిరిగి మారిన రోజు పొద్దున ఐదింటికి ఆ డిస్క్ తగిలించి, మొదటి పాట క్యూలో పెట్టాం. ఐదున్నరకు రిక్వెస్ట్ ఫోన్ మోగింది. ఆయనే, అదే పాట అడిగాడు.