క్లచ్ విషయంలో అపోహలు - వాస్తవాలు

కారు నేర్చుకోడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి స్టీరింగ్ కంటే క్లచ్ అంటేనే టెన్షన్. అందులో సగం ఎవరో చెప్పిన తప్పుడు మాటల వల్ల వచ్చిందే.

అపోహ: రేజ్ ఇస్తేనే బండి కదులుతుంది.

వాస్తవం: చదునైన నేల మీద యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే కదులుతుంది. నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఖాళీ గ్రౌండ్‌లో ఫస్ట్ గేర్ వేసి, బ్రేక్ మీంచి కాలు తీసి, ఎడమ మడమ నేలకు ఆనించి క్లచ్‌ని మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, సీటు సన్నగా అదురుతుంది. క్లచ్ ప్లేటు, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రాన్ని పట్టుకునేది అక్కడే. చాలామంది సరిగ్గా అప్పుడే కంగారుపడి పాదం ఎత్తేస్తారు. బండి ఒక్కసారి గెంతి ఆఫ్ అయిపోతుంది. ఎత్తకండి. రెండు మూడు సెకన్లు పాదాన్ని అక్కడే ఆపండి. చక్రాలు తిరిగి బండి నడక అందుకున్నాక మిగతాది వదలండి. ఇది కుదిరాకే రేజ్ సంగతి.

బండి ఆఫ్ అయితే ఇంజిన్ పాడవుతుందని కూడా భయపడతారు. నేర్చుకునేటప్పుడు నాలుగుసార్లు ఆగితే దానికేమీ కాదు. వెనక హారన్ మోగినా సరే, బ్రేక్, క్లచ్ రెండూ తొక్కి నిదానంగా స్టార్ట్ చేయండి.

అపోహ: ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగితే హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగం వదిలి, నిలబెట్టాలి.

వాస్తవం: బండిని నిలబెట్టాల్సింది బ్రేకు. హాఫ్ క్లచ్‌లో ప్లేటు రాసుకుంటూ వేడెక్కుతుంది. అప్పుడొచ్చే మాడు వాసన ఆ ప్లేటుదే. హ్యాండ్ బ్రేక్ వేసుకోండి. కదిలేటప్పుడు కొంచెం రేజ్ ఇస్తూ క్లచ్ వదలండి, బానెట్ కాస్త పైకి లేచినట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేక్ దించండి. బండి వెనక్కి జారదు.

అపోహ: దిగుడులో న్యూట్రల్ చేస్తే, లేదా క్లచ్ తొక్కి ఉంచితే పెట్రోల్ మిగులుతుంది.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. తిరుమల నుంచి కిందికి వచ్చే ఘాట్ రోడ్డే తీసుకోండి. గేర్‌లో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు గేర్‌లో దిగుతుండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి పెట్రోల్ వెళ్లడం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండాలి కాబట్టి తాగుతూనే ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో దిగండి, మలుపుకి ముందే బ్రేక్ వేయండి. దిగేటప్పుడు క్లచ్ తొక్కాల్సింది గేర్ మార్చడానికి, బండి పూర్తిగా ఆగబోయే ముందు, అంతే.