నౌకరుకు ఉరి, దొరసానికి క్షమాభిక్ష

2023 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం జైలు మాన్యువల్‌లోంచి ఒక చిన్న మాట తీసేసింది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని హత్య చేసినవారి ముందస్తు విడుదలకు అడ్డుగా ఉన్న మాట అది. అదే నెల 27న మాజీ ఎంపీ ఆనంద్ మోహన్ బయటికొచ్చారు. 1994 డిసెంబర్‌లో గోపాల్‌గంజ్ కలెక్టర్ జి. కృష్ణయ్యను చంపిన గుంపును రెచ్చగొట్టారన్న నేరంపై ఆయనకు మొదట ఉరిశిక్ష పడి, తర్వాత యావజ్జీవంగా మారింది. కృష్ణయ్య మన పాలమూరు బిడ్డ. ఉద్యోగి హత్యయినా సామాన్యుడి హత్యయినా చట్టానికి ఒకటేనని ప్రభుత్వం వాదించింది. కృష్ణయ్య భార్య హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

చట్టప్రకారం రెమిషన్ (శిక్షాకాలం తగ్గింపు) వేరు, గవర్నర్ ఇచ్చే క్షమాభిక్ష వేరు. పలుకుబడి ఉన్న ఖైదీ గడువుకు ముందే బయటికొచ్చిన ప్రతిసారీ జనం అడిగేది మాత్రం ఒక్కటే: ఎవరి మీద ఈ దయ, ఎందుకు? బ్రిటిష్ రాజుల విశేషాధికారం మన రాజ్యాంగంలో 72 (రాష్ట్రపతి క్షమాభిక్ష), 161 (గవర్నర్ క్షమాభిక్ష) అధికరణాలుగా ఎలా చేరిందో చాలామందికి తెలిసిందే. తెలుసుకోవాల్సింది 1616లో జరిగిన సంగతి.

ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్‌కు రాబర్ట్ కార్ ప్రాణం. ఆ కార్ ఎసెక్స్ ప్రభువు భార్య ఫ్రాన్సిస్ హోవార్డ్‌ను పెళ్లాడాలనుకున్నాడు. వద్దన్నాడు ప్రాణస్నేహితుడు థామస్ ఓవర్‌బరీ. రాజు ఇస్తానన్న విదేశీ రాయబారి పదవిని కూడా కాదనడంతో 1613 ఏప్రిల్‌లో ఓవర్‌బరీని లండన్ టవర్‌లో ఖైదు చేశారు. సెప్టెంబర్‌లో అక్కడే చనిపోయాడు. పది రోజులు తిరిగాయో లేదో, ఫ్రాన్సిస్ మొదటి పెళ్లి రద్దయింది. కార్ సోమర్‌సెట్ ప్రభువయ్యాడు. డిసెంబర్‌లో పెళ్లి.

రెండేళ్లకు ఓవర్‌బరీపై విషప్రయోగం జరిగిన సంగతి బయటపడింది. ఇక్కడి నుంచి తేదీలు గమనించాలి. ఓవర్‌బరీ గది కాపలాదారు రిచర్డ్ వెస్టన్‌ను 1615 అక్టోబర్‌లో ఉరితీశారు. ఒక వైద్యుడి వితంతువు, ఫ్రాన్సిస్ దగ్గర మసలిన ఆన్ టర్నర్‌ను నవంబర్‌లో. టవర్ అధికారి సర్ జెర్వేస్ హెల్విస్‌ను అదే నెలలో. విషం సమకూర్చాడన్న జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను డిసెంబర్‌లో. మూడు నెలలు నిండకుండానే నాలుగు ఉరికంబాలు.

ప్రభు దంపతుల విచారణ మాత్రం 1616 మే దాకా ఆగింది. మే 24న ఫ్రాన్సిస్ నేరం ఒప్పుకుంది. మర్నాడు సోమర్‌సెట్ ఒప్పుకోలేదు, అయినా దోషి అన్నారు తోటి ప్రభువులు. ఇద్దరికీ మరణశిక్షే. ఒప్పుకుంటే దయ చూపుతానని రాజు విచారణకు ముందే టవర్‌కు కబుర్లు పంపుతూ ఉన్నాడు. జూలైలో ఫ్రాన్సిస్‌కు క్షమాభిక్ష వచ్చింది. ఆ పత్రంలో చెప్పిన కారణాల్లో ఒకటి, నీచులైన కొందరి ప్రేరేపణతోనే ఆమె అందులోకి దిగిందని. ఆ నీచులెవరో చెప్పనక్కర్లేదు. అప్పటికి వాళ్లు చచ్చి ఆరు నెలలు దాటింది, బదులు చెప్పడానికి లేరు.

దంపతులు 1622 జనవరిలో విడుదలయ్యారు. 1624లో సోమర్‌సెట్‌కూ పూర్తి క్షమాభిక్ష దక్కింది. జేమ్స్ తరఫున చెప్పాలంటే, తన మనిషినే బోనెక్కించాడు, ఆ కాలానికి అది తక్కువ కాదు. కానీ వెస్టన్‌కు దొరకని కనికరం ఫ్రాన్సిస్‌కు ఎందుకు దొరికిందని రాజును నిలదీసే వేదిక ఎక్కడా లేదు. నా దృష్టిలో మొత్తం సమస్య అక్కడే ఉంది.

ఆ వేదిక కోసం పోరు 1679లో మొదలైంది. పార్లమెంటు అభిశంసించిన మంత్రి డాన్‌బీ ప్రభువుకు రెండో చార్లెస్ గుట్టుగా క్షమాభిక్ష రాసిచ్చాడు. రాజముద్ర తాను వేయలేదని, రాజే దగ్గరుండి వేయించాడని ఆ ముద్రను కాపాడే ఛాన్సలర్ చెప్పుకోవాల్సి వచ్చింది. కామన్స్ సభ ఒప్పుకోలేదు. డాన్‌బీ దాదాపు అయిదేళ్లు టవర్‌లోనే ఉన్నాడు. అభిశంసనకు అడ్డంగా రాజు క్షమాభిక్షను చూపించడం కుదరదని 1701 చట్టం తేల్చేసింది.

మన దగ్గర ఆ ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచే గట్టిగా వచ్చింది. 2005లో ఒక రాజకీయ నాయకుడికి గవర్నర్ మిగిలిన శిక్ష రద్దు చేస్తే, హతుడి కొడుకు సుప్రీంకోర్టుకెళ్లాడు. ఏపూరు సుధాకర్ కేసు అదే. అధికారుల నివేదికలో ఆ నాయకుడు 'మంచి కాంగ్రెస్ కార్యకర్త' అని రాసి ఉంది. కులం, మతం, రాజకీయ విధేయత చూసి దయ చూపడం కుదరదంటూ 2006లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కృష్ణయ్య భార్య కోర్టుకెళ్లగలిగింది ఇలాంటి తీర్పులు ఉండబట్టే. వెస్టన్ ఇంటివాళ్లకు వెళ్లడానికి ఏ గడపా లేదు.