పాత బేస్‌బాల్ కార్డులు చవగ్గా కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

"మూలలు ఇంత పదునుగా ఉన్నాయి, ధర సగమే చెబుతున్నాడు, తీసుకోమంటారా?" ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయిన పాత బేస్‌బాల్ కార్డులు కొని అమ్మే నన్ను జనం తరచూ అడిగేది ఇదే. దాని వెనక ఉన్న నమ్మకమే అందరి కొంప ముంచుతోంది.

అపోహ: మడత పడిన కార్డు కన్నా, చవగ్గా దొరికే నీటైన కార్డు మేలు.

వాస్తవం: 1950ల నాటి కార్డులు పిల్లల చేతుల్లో నలిగినవి. మడత, అరిగిన మూల, వెనక పెన్నుతో రాసిన పేరు కంటికి కనబడతాయి, వాటికి తగ్గట్టే ధరా తగ్గుతుంది. గ్రేడింగ్‌కు, అంటే కార్డు స్థితి చూసి 10 దాకా అంకె వేసే సంస్థకు పంపితే, 1 అయినా 2 అయినా ఏదో ఒక అంకె వస్తుంది. చవగ్గా దొరికే నీటైన కార్డు అంచు కోసి మూలలు పదును చేసినది కావచ్చు, అలాంటి కార్డుకు ఆ అంకె దక్కదు. కోత దొరికిపోతే 'అథెంటిక్' (కార్డు అసలుదే) అని మాత్రం రాసిస్తారు, లేదా గ్రేడ్ లేకుండానే తిప్పి పంపుతారు. దొరక్కుండా పోయినవీ లేకపోలేదు. పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ 8 గ్రేడ్ ఇచ్చిన, సిగరెట్ పెట్టెలతో వచ్చిన టీ206 సెట్‌లోని ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అంచులు తానే కోశానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. నిపుణుల కళ్ళే దాటిపోయిన కోతను ఫోనులో ఫోటో చూసి మనమేం పట్టగలం?

మొన్నో కుర్రాడు టాప్స్ కంపెనీ 1957లో వేసిన, పేరున్న ఆటగాడు హ్యాంక్ ఆరన్ కార్డు తెచ్చాడు. ఆ ఏడాది కార్డు వెడల్పు రెండున్నర అంగుళాలు, ఎత్తు మూడున్నర. అదే సెట్‌లోని మామూలు ఆటగాడి కార్డు మీద పెట్టి చూస్తే, కుడివైపు వెంట్రుకవాసి తక్కువ. కొలత ఒక్కటే రుజువు కాదు, ఫ్యాక్టరీ కోతలోనూ కాస్త తేడాలుంటాయి. అందుకే భూతద్దం కింద అంచు చూపించాను. మూడు అంచులు పసుపు తిరిగి మెత్తబడ్డాయి, నాలుగోది మాత్రం తెల్లగా, కొత్త కాగితంలా ఉంది. అతని ముఖం చిన్నబోయింది. పాపం, అతని తప్పేముంది? అమ్మినవాడు 'అరుదైన కండిషన్' అన్నాడు, నమ్మాడు.

అపోహ: ఆ 1957 కార్డులో ఆరన్ ఎడమచేతి బ్యాటర్‌లా కనిపిస్తాడు కాబట్టి అది అరుదైన తప్పు ముద్రణ.

వాస్తవం: ఫోటో నెగెటివ్ తిరగబడి బొమ్మ అద్దంలోలా అచ్చయింది, నిజమే. కానీ టాప్స్ దాన్ని సరిదిద్దలేదు, కాబట్టి అన్నీ అలాగే ఉంటాయి. దీనికి ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

అపోహ: అంచు గరుగ్గా ఉంటే పాడైన కార్డు.

వాస్తవం: కెనడా కంపెనీ ఓ-పీ-చీ పాత కార్డులు ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చేవి. వాటిలో నాలుగు వైపులా నున్నగా ఉంటేనే నాకు అనుమానం.

అపోహ: బొమ్మ పక్కకు జరిగిన కార్డు ఎవరూ కొనరు.

వాస్తవం: అది ముద్రణ నాటి లోపం, కొంటారు. తక్కువ ధరకు మంచి బొమ్మ కావాలనుకునేవారికి నేను ముందు చూపించేవి ఇవే.

నల్ల అంచులున్న 1971 టాప్స్ కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. రంగు రాలిన చోట మార్కర్ పూసేస్తారు. కార్డును పక్కకు తిప్పి అంచు మందం చూడండి, సిరా లోపలికి ఇంకి కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటో అడగండి, దాగిన ముడతలు అందులో తేలతాయి. గ్రేడింగ్‌లో కోతో రంగో బయటపడితే డబ్బు వెనక్కిస్తానని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ మాట రాసివ్వడానికి వెనకాడేవాడి దగ్గర ఆరన్ అయినా సరే, వదిలేయండి.