నెత్తురులో పేగు గోడ ఆనవాళ్లు

విశాఖ పెదవాల్తేరులో మా పాత ఇంటి పెరట్లో ఒక బావి ఉండేది. అక్కడి నుంచి సముద్రానికి నడిచి వెళ్లేంత దూరమే. ప్రతి వేసవిలోనూ మా మామ్మ తోడిన మొదటి చేద నీళ్లను దోసిట్లో పట్టి, నాలుక చివర తగిలించుకుని చూసేది. "ఈ ఏడు ఉప్పు తగులుతోంది" అన్నదంటే ఇక ఆ నీళ్లు వంటకు పనికిరావు, గిన్నెలు తోమడానికే. నేల అడుగున మంచినీరూ సముద్రపు నీరూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడి ఉంటాయనీ, ఊరంతా బోర్లు వేసి తోడేస్తే మంచినీటి ఒత్తిడి తగ్గి ఉప్పునీరు లోపలికి పాకుతుందనీ నేను తర్వాత చదువుకున్నాను. మామ్మ చదువుకోలేదు. కంటికి కనబడని హద్దు ఎక్కడో సడలిందని మాత్రం ఆమె నాలుక చెప్పేది.

తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్ద పేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు, అని తేలాక ఆ బావి నాకు తరచూ గుర్తొస్తోంది. పెద్ద పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీకి ముందు రోజు సాయంత్రం పేగు శుభ్రం కావడానికి రెండు లీటర్ల నీళ్లలో పొడి కలిపి ఇచ్చారు. పావుగంటకో గ్లాసు తాగాలి. ఉప్పగా, జారుడుగా ఉండే ఆ నీళ్లు ఆరో గ్లాసుకు వచ్చేసరికి వాడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నేను నిమ్మచెక్క వాసన చూపిస్తూ పక్కన కూర్చున్నాను. "అక్కా, ఇదంతా ఒక రక్తపరీక్షలో తెలిసిపోదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వాడొక్కడిదే కాదు. శ్రీకాకుళం పల్లెల నుంచీ పాడేరు కొండల నుంచీ ఈ పరీక్ష కోసం విశాఖ వచ్చేవాళ్లు, రాత్రంతా విరేచనాలతో నీరసించి, పొద్దున్నే బస్సెక్కలేక ముందు రోజే ఏ చుట్టాల ఇంట్లోనో దిగుతారు. నెత్తురైతే ఊళ్లోనే తీసి పంపవచ్చు. అందుకే పేగు గోడ సడలిందో లేదో నెత్తుట్లో చదవడం మీద నాకింత పట్టుదల.

ముందు ఆ గోడ సంగతి. మన జీర్ణనాళం లోపలి పొరను మడతలన్నీ విప్పి పరిస్తే సుమారు 32 చదరపు మీటర్లు వస్తుందని 2014లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. టెన్నిస్ కోర్టంత అని మనం చదువుకున్నది చాలా ఎక్కువ. మన కొలతలో చెప్పాలంటే దాదాపు 40 గజాల స్థలం. పేగుల్లో అటు లక్షల కోట్ల బ్యాక్టీరియాకూ, ఇటు మన నెత్తురుకూ మధ్య హద్దుగా నిలిచేది ఒకే ఒక్క వరుస కణాలు. వాటి మీద జిగురు పొర ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య సందును టైట్ జంక్షన్లు అనే ప్రొటీన్ల అల్లిక బిగించి ఉంచుతుంది. ఈ కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి. అంటే ఇది నిత్యం కూలుతూ, నిత్యం కట్టుకుంటూ ఉండే గోడ. జీర్ణనాళంలో ఎక్కడైనా వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధిలోనూ అల్సరేటివ్ కొలైటిస్‌లోనూ టీఎన్‌ఎఫ్ వంటి వాపు రసాయనాలు ఈ అల్లికను సడలిస్తాయి. సడలిన చోట బ్యాక్టీరియా తునకలు లోపలికి చొరబడి వాపును మరింత ఎగదోస్తాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లతో వాపు తగ్గినప్పుడు గోడ కూడా కొంత బిగుసుకుంటుంది.

అటు నుంచి ఇటు దాటి వచ్చేవాటిలో అందరూ వెతికేది ఎండోటాక్సిన్. కొన్ని రకాల బ్యాక్టీరియాల పై పొరలో ఉండే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థమిది. దీన్ని పట్టే పరీక్ష మనకు సముద్రం నుంచే వచ్చింది. గుర్రపు నాడా ఆకారంలో ఉండే హార్స్‌షూ క్రాబ్ అనే ఒక ప్రాచీన సముద్ర జీవి ఉంది. మన బంగాళాఖాతంలో ఒడిశా తీరాన కూడా దాని జాతులున్నాయి. రాగి ఉండటం వల్ల దాని నెత్తురు నీలంగా ఉంటుంది. బ్యాక్టీరియా సోకితే ఆ నెత్తురు గడ్డకడుతుందని ఫ్రెడరిక్ బ్యాంగ్ 1956లో రాశాడు. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని పరీక్షగా మలిచాడు. ఇంజెక్షన్ మందులు శుద్ధంగా ఉన్నాయో లేదో దశాబ్దాలుగా తేలుస్తున్నది ఈ పరీక్షే.

మన నెత్తుట్లో మాత్రం అది అంత నమ్మకంగా పనిచేయదు. పేగు నుంచి వచ్చే నెత్తురు ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ ఎండోటాక్సిన్ చాలావరకు వడకట్టుకుపోతుంది. మనం నెత్తురు తీసేది మోచేతి దగ్గర, ఆ వడపోత దాటాక. మిగిలిందాన్ని నెత్తుట్లోని కొవ్వు, ప్రొటీన్లు చుట్టేసి దాచేస్తాయి. పరీక్ష గొట్టంలో ఏ కాస్త మలినమున్నా లెక్క తప్పుతుంది. నెయ్యి, నూనె దండిగా పడిన భోజనం చేస్తే ఆరోగ్యవంతుల్లో కూడా ఇది కాస్త పెరుగుతుంది. అందుకని ఎండోటాక్సిన్‌ను వదిలి, దాన్ని చూసి శరీరం ఏం చేసిందో కొలుస్తున్నారు. దాన్ని పట్టుకోవడానికి కాలేయం తయారుచేసే ఎల్‌బీపీ, రక్షక కణాలు విడిచే సీడీ14 అలాంటివి. ఇవి కొలవడానికి నిలకడగా ఉంటాయి. కానీ న్యుమోనియా వచ్చినా పెరుగుతాయి. ఉప్పు తగిలిందని చెబుతాయి గానీ ఎటువైపు నుంచి వచ్చిందో చెప్పవు.

గోడ నుంచే రాలిపడే పెళ్లలు ఇంకో రకం. చిన్న పేగు కణాల్లో కొవ్వును మోసే ఐ-ఎఫ్‌ఏబీపీ అనే చిన్న ప్రొటీన్ ఉంది. కణం దెబ్బతినగానే అది నెత్తుట్లోకి జారి, నిమిషాల్లోనే మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. పేగుకు నెత్తురు అందక కణాలు చనిపోతున్నప్పుడు దీన్ని కొలిస్తే జాడ దొరుకుతుంది. మా తమ్ముడి జబ్బు పెద్ద పేగుది. ఈ ప్రొటీన్ ఎక్కువగా చిన్న పేగుది. వాడి విషయంలో ఇది మౌనంగా ఉన్నంత మాత్రాన గోడ బాగుందని కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సిట్రులిన్. జపాన్ శాస్త్రవేత్తలు 1914లో పుచ్చకాయ రసం నుంచి వేరుచేసిన అమైనో ఆమ్లమిది. పుచ్చకాయ శాస్త్రీయ నామం సిట్రుల్లస్, పేరు అలా వచ్చింది. మన నెత్తుట్లో తిరిగే సిట్రులిన్ చాలావరకు చిన్న పేగు కణాలే తయారుచేస్తాయి. కాబట్టి పనిచేసే కణాలు ఎంత మిగిలాయో దీన్ని బట్టి అంచనా కట్టవచ్చు. ఆరోగ్యవంతుల్లో లీటరుకు సుమారు 40 మైక్రోమోల్స్ ఉంటుంది. క్రోన్స్ వ్యాధితో పేగు చాలా భాగం కోసి తీసేసినవారిలో 20 కంటే తగ్గితే, మిగిలిన పేగు ఒంటికి కావలసిన పోషణ అందించలేకపోతోందేమోనని వైద్యులు అనుమానిస్తారు. మూత్రపిండాలు చెడితే మాత్రం ఇది వాడకం తగ్గి పెరుగుతుంది. అప్పుడు ఆ అంకె ఉన్నదానికన్నా మంచి స్థితిని చూపి మోసం చేస్తుంది.

జొన్యులిన్ సంగతి గట్టిగా చెప్పాలి. ఈ పరీక్ష ఉన్న ప్యాకేజీ కరపత్రాన్ని ఎవరో తమ్ముడి చేతిలో పెట్టారు. అలెసియో ఫసానో బృందం 2000లో వెల్లడించిన ఈ ప్రొటీన్, కణాల మధ్య అల్లికను వదులు చేస్తుందని చెప్పారు. ఆలోచన విలువైనదే. తర్వాత అది హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్‌కు పూర్వరూపమని తేల్చారు. కొందరిలో జన్యుపరంగానే అది తయారు కాదు. పైగా బజారులో దొరికే కిట్ నిజంగా ఆ ప్రొటీన్‌నే కొలుస్తోందా అని 2018లో జర్మనీ పరిశోధకులు పరీక్షిస్తే, అది పట్టుకుంటున్నవి వేరే ప్రొటీన్లని బయటపడింది. జబ్బుతో ఉన్న మనిషి చేత ఆ అంకె కోసం డబ్బు ఖర్చు పెట్టించడం అన్యాయం.

ఇన్ని చిక్కులున్నా ఈ వెతుకులాటను ఎందుకు మానకూడదంటే, గోడ సడలడం జబ్బు కన్నా ముందే మొదలవుతున్నట్టుంది. క్రోన్స్ రోగుల తోబుట్టువులు, పిల్లలు 1420 మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో వాళ్లు రెండు చక్కెరలు కలిపిన నీళ్లు తాగారు. మలబద్ధకానికి వాడే లాక్టులోజ్ ఒకటి, అంతకన్నా చిన్న అణువైన మానిటోల్ ఒకటి. బిగుతుగా ఉన్న పేగు పెద్దదాన్ని ఆపేస్తుంది. మూత్రంలో మానిటోల్‌తో పోలిస్తే లాక్టులోజ్ వాటా ఎక్కువగా కనిపించినవారికి తర్వాతి ఏళ్లలో క్రోన్స్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. జబ్బు తగ్గాక కూడా అంతే. ఎండోస్కోపీలో పేగు మానినట్టు కనబడినా, గొట్టం చివర సూక్ష్మదర్శిని అమర్చి చూస్తే నెత్తుట్లోకి ఎక్కించిన రంగు కొందరిలో కణాల సందుల నుంచి కారుతూ కనిపించింది. అలా కారనివారిలో జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువని ఎర్లాంగెన్ బృందం 2023లో ప్రచురించింది. ఈ తేడాను ఒక గొట్టం నెత్తుట్లో నమ్మకంగా చదవగలిగితే ఎందరికో ఆ రాత్రి తప్పుతుంది.

ప్రస్తుతానికి వైద్యులు ఆధారపడేది నెత్తుట్లోని సీఆర్‌పీ అనే ప్రొటీన్, మలంలోని కాల్‌ప్రొటెక్టిన్. ఇవి గోడను కాదు, వాపును కొలుస్తాయి. అల్సరేటివ్ కొలైటిస్ చురుగ్గా ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే ఉండవచ్చు. కాల్‌ప్రొటెక్టిన్ తెల్ల రక్తకణాల ప్రొటీన్, అది నేరుగా పేగులోకే వస్తుంది కనుక ఎక్కువ నమ్మదగినది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు సాధారణం. 250 దాటితే వాపు ఉన్నట్టే అనుకుంటారు.

మామ్మ తన బావి నీళ్లను పక్కింటి బావితో ఎప్పుడూ పోల్చలేదు. కిందటేడు తన నాలుకకు తగిలిన రుచితోనే పోల్చుకునేది. మేమూ ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. తేదీ, సీఆర్‌పీ, కాల్‌ప్రొటెక్టిన్, ఆ వారం వాడు విరేచనానికి ఎన్నిసార్లు లేచాడో, మందు ఎంత. మొదటి పేజీలో కాల్‌ప్రొటెక్టిన్ 900 దాటి ఉంది. తర్వాత 480, 210, మొన్న 95. డాక్టరుగారు పేజీలు వెనక్కి ముందుకీ తిప్పి చూసి, మందు ఆపవద్దని రెండుసార్లు చెప్పి, కొలనోస్కోపీని ఆరు నెలలు వాయిదా వేశారు.