డాంగ్‌డుట్ సంగీతం: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

డాంగ్‌డుట్ అంటే ఇండోనేషియాలో జనాదరణ ఉన్న ఒక పాటల సంగీతం. జకార్తాలో ఆ బృందాలతో కెందాంగ్ అనే డోలు వాయిస్తుంటాను. అంతకుముందు తబలా వాయించేవాణ్ని. ఈ సంగీతం గురించి ఇక్కడి తెలుగువాళ్ల నోట తరచూ వినే మాటలకు నా జవాబులు ఇవి.

అపోహ: హిందీ సినిమా పాటలనే ఇండోనేషియా భాషలో పాడతారు.

హిందీ సినిమా ప్రభావం ఉన్న మాట నిజమే, దాన్ని ఇక్కడెవరూ దాచరు. ఎల్యా ఖదం లాంటి పాతతరం గాయనుల పాటల్లో అది స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆ పాటలు పెరిగింది మలయ్ ఆర్కెస్ట్రాల్లో. అరబ్ సంగీతం పోకడలూ వాటిలో ఉన్నాయి. 1970లలో గాయకుడు రోమా ఇరామా తన సోనేతా బృందంతో ఎలక్ట్రిక్ గిటార్‌ను ముందుకు తెచ్చాడు. ఆయనకు డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ బృందం రాక్ సంగీతమంటే ఇష్టం. అందుకే ఒకే పాటలో వెదురు పిల్లనగ్రోవి, రాక్ గిటార్ రెండూ పలుకుతాయి. ఇన్ని దారుల నుంచి వచ్చినదాన్ని కాపీ అంటే నాకు బాధేస్తుంది.

అపోహ: తాళం అంతా తబలాదే, తబలా వచ్చినవాళ్లకు ఇది సులువు.

ఈ మాట నమ్మి వచ్చే తబలా కళాకారులు మొదట్లో తికమక పడతారు. ఇప్పటి బృందాల్లో ఎక్కువగా కనిపించేది కెతిపుంగ్ అనే చిన్న డోళ్ల జత. పెద్దదాని మీద అరచేతి మడమతో నొక్కి శబ్దాన్ని పైకి జార్చాలి. ఎడమ చేతికి ఆ పని తబలాలోనే అలవాటవుతుంది కాబట్టి అక్కడిదాకా ఇబ్బంది లేదు. చిక్కంతా బరువు పడే చోట ఉంది. నాలుగో దెబ్బ మీద, దాన్ని ఆనుకుని వచ్చే మొదటి దెబ్బ మీద పాట ఊగుతుంది. తబలాలో వాయించే కెహర్వా తాళం అలవాటైన చెయ్యి మొదటి దెబ్బ దగ్గరే ఆగుతుంది, దాంతో నాట్యం చేసేవాళ్ల నడుము కదలదు. పుస్తకం చూసి నేర్చుకుంటే రాదు, గాయని పక్కన కూర్చుని వాయించాల్సిందే.

తూర్పు జావాలో పుట్టిన కొప్లో పద్ధతి ఇంకా కష్టం. దాన్ని వేగం పెంచిన డాంగ్‌డుట్ అనుకుంటారు గానీ, పశ్చిమ జావాలోని సుండా ప్రాంతపు జైపోంగ్ నాట్యానికి వాయించే డోలు దెబ్బలు కూడా అందులో కలిశాయి.

అపోహ: ఇదంతా అశ్లీలం.

2003లో డాంగ్‌డుట్ గాయని ఇనుల్ దారతిస్తా నాట్యం మీద దేశమంతా గొడవైంది. ఆమెను గట్టిగా తప్పుపట్టినవాళ్లలో రోమా ఇరామాయే ముఖ్యుడు. జూదం మానమని, మత్తు పదార్థాల జోలికి పోవద్దని పాటలు కట్టిన మనిషి ఆయన. అంటే నీతి గురించిన వాదన కూడా ఈ సంగీతం లోపలే నడుస్తోంది. నన్నడిగితే, ఆ గొడవలో ఇనుల్‌కు అన్యాయమే జరిగింది. ఆమె గొంతు గురించి మాట్లాడినవాళ్లు చాలా తక్కువ.

అపోహ: పల్లెటూళ్లలో, బస్తీల్లో తప్ప ఎవరూ వినరు.

2018 ఆసియా క్రీడల పాట పాడిన వియా వాలెన్ కొప్లో వేదికల నుంచి వచ్చిన గాయనే. 2022 ఆగస్టు 17న, ఇండోనేషియా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, అధ్యక్షుడి మెర్దెకా భవనంలో ఒక చిన్న అబ్బాయి జావా భాషలో కొప్లో పాట పాడితే మంత్రులు లేచి ఆడారు.

కొత్తగా వినేవాళ్లు రోమా ఇరామా, ఎల్వీ సుకాయెసిహ్ 1970ల పాటలతో మొదలుపెట్టండి. ఒకసారి గొంతు కోసం, ఇంకోసారి డోలు కోసం వినండి. కొప్లో తర్వాత చూసుకోవచ్చు.