"గాలి పెట్టి చూశాం, లీక్ లేదు" అంటే ప్రెషర్ టెస్ట్ అయిపోయినట్టు కాదు (అపోహలు - వాస్తవాలు)

మొన్న ఒక షట్‌డౌన్‌లో (రిపేర్ల కోసం ప్లాంట్ ఆపినప్పుడు) రాత్రి పదకొండింటికి ఓ కుర్ర ఇంజనీర్ ఫోన్ చేశాడు. "అన్నా, పాత వెసెల్‌కి కొత్త నాజిల్ పెట్టాం, రెండు బార్ గాలి పెట్టి సబ్బు నీళ్ళు కొట్టాం, ఒక్క బుడగ కూడా రాలేదు, ఇంక హైడ్రో ఎందుకు టైమ్ దండగ అని అందరూ నా మీద పడుతున్నారు, సంతకం పెట్టెయ్యనా?" గొంతు వణుకుతోంది పాపం. (వెసెల్ అంటే ప్రెషర్ మోసే మూసిన ట్యాంకు, నాజిల్ అంటే దానికి పైపు తగిలించే మూతి, హైడ్రో అంటే వెసెల్ నిండా నీళ్ళు నింపి పంపుతో ప్రెషర్ ఎక్కించే టెస్ట్.) వద్దు తమ్ముడూ, పెట్టకు అన్నాను. ఈ మాట ఎన్ని షట్‌డౌన్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా.

అపోహ: లీక్ లేదంటే వెసెల్ గట్టిగా ఉన్నట్టే.

కాదు. లీక్ టెస్ట్ చూసేది బెజ్జం ఉందా లేదా అని, అంతే. ప్రెషర్ టెస్ట్ అడిగేది వేరే, ఈ వెల్డు, ఈ ప్యాడ్ (నాజిల్ చుట్టూ బలానికి వేసే ప్లేటు), కోసిన చోట షెల్ (వెసెల్ గోడ), ఇవన్నీ కలిసి లోడ్ మోస్తాయా అని. 10 బార్ ఎంఏడబ్ల్యూపీ (వాడకంలో అనుమతించిన గరిష్ఠ ప్రెషర్) ఉన్న వెసెల్‌కి, వెసెళ్ళ తయారీ కోడ్ ఏఎస్‌ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1 ప్రకారం హైడ్రో 1.3 రెట్లు, అంటే 13 బార్, దాన్ని మళ్ళీ స్ట్రెస్ రేషియోతో (టెస్ట్ వేడిలో, డిజైన్ వేడిలో ఆ మెటల్‌కి అనుమతించిన స్ట్రెస్‌ల నిష్పత్తి) గుణించాలి. రెండు బార్ గాలి దీనికి ఏ మూలకి?

ఆ కుర్రాడు మొండిగా నిలబడ్డాడు, మర్నాడు హైడ్రో పెట్టారు, నేనూ వెళ్ళాను. 6 బార్, 8 బార్, ఏమీ లేదు. 11 దాటుతుండగా రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్యాడ్‌కి ఉన్న టెల్‌టేల్ హోల్ (ప్యాడ్ వెనక లీక్ బయటపడటానికి పెట్టే చిన్న బెజ్జం) దగ్గర చెమట పట్టినట్టు తడి కనపడింది, చూస్తుండగానే చుక్క కట్టి కిందకి జారింది. పంప్ ఆపించి, ప్రెషర్ దించి, ప్యాడ్ కోసి చూస్తే నాజిల్ వెల్డు రూట్‌లో (అడుగున) వేలెడు పొడవున ఫ్యూజనే లేదు, అంటే మెటల్ కరిగి అతుక్కోనేలేదు. రెండు బార్‌కి మూసుకునే ఉంది, లోడ్ పడ్డాక తెరుచుకుంది. ముందురోజు రాత్రి ఆ సంతకం పడి ఉంటే ఆ చుక్క నీటిచుక్క అయ్యుండేది కాదు, లోపల ఉండేది మండే గ్యాస్.

దీని వెనకే ఇంకొకటి వస్తుంది: "సరే, అదే 13 బార్ గాలితో పెట్టేద్దాం, నీళ్ళు నింపడం, దింపడం, ఆరబెట్టడం ఈ గొడవంతా ఎందుకు?" ఇది మనుషుల్ని చంపే మాట, కోపం వస్తుంది నాకు. వెయ్యి లీటర్ల నీళ్ళకి 13 బార్ పెడితే లీటరు కూడా కుంచించుకుపోవు, అందులో దాగే శక్తి దాదాపు 400 జూల్స్. అదే వెయ్యి లీటర్ల జాగాలో 13 బార్ గాలి అయితే 18 లక్షల జూల్స్ దాకా. నీళ్ళతో వెల్డు విడిపోతే ఒక్క చిమ్ముతో ప్రెషర్ పడిపోతుంది, గాలి అయితే ముక్కలు ఎగురుతాయి. కోడ్ గాలిని ఒప్పుకోదని కాదు, నీళ్ళ బరువు మోయలేని సపోర్టులు, తడి అసలు ఉండకూడని సర్వీసులు ఉంటాయి, వాటికి ఎంఏడబ్ల్యూపీకి 1.1 రెట్ల గాలి టెస్ట్‌తో దారి ఉంది. కానీ ముందు టెస్ట్ ప్రెషర్‌లో సగం దాకా మెల్లగా, అక్కణ్ణుంచి పదో వంతు చొప్పున మెట్లు మెట్లుగా ఎక్కించాలి, చుట్టుపక్కల మనిషి ఉండకూడదు. సబ్బు నీళ్ళ బాటిల్ పట్టుకుని పక్కన నిలబడి చేసే పని కాదు అది.

ఇంక "చిన్న పనే కదా" అనే మాట. చిన్నదా పెద్దదా అనేది కోసిన బెజ్జం సైజు చూసి ఎవరికి వారు తేల్చేది కాదు, అది రిపేరా (పాడైనదాన్ని మునుపటిలా బాగుచెయ్యడం) ఆల్టరేషనా (డిజైన్‌నే మార్చే పని) అనేది ముందు తేలాలి. వాడకంలో ఉన్న వెసెళ్ళ ఇన్‌స్పెక్షన్ కోడ్ ఏపీఐ 510 ప్రకారం ఆల్టరేషన్ తర్వాత ప్రెషర్ టెస్ట్ మామూలుగా తప్పదు, దాని బదులు ఎన్‌డీఈ (వెల్డుని కోయకుండా లోపాలు వెతికే పరీక్షలు) చేస్తామంటే ఇంజనీరూ ఇన్‌స్పెక్టరూ ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి, కాంట్రాక్టర్ నోటిమాట చెల్లదు. రిపేర్ అయితే టెస్ట్ కావాలా వద్దా ఇన్‌స్పెక్టర్ చెప్తాడు. గాస్కెట్ మార్చి దానికి హైడ్రో కావాలా అని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు, అది ఆల్టరేషన్ కాదు, నిశ్చింతగా ఉండండి.

"పాత వెసెల్, హైడ్రో తట్టుకుంటుందా" అని భయపడేవాళ్ళని మాత్రం నేను తీసిపారెయ్యను, ఆ భయంలో అర్థముంది. ముందు థిక్‌నెస్ కొలిచి, ఇప్పుడున్న మందానికి ఎంఏడబ్ల్యూపీ లెక్క కట్టించండి. గ్యాస్ సర్వీస్ కాలమ్ (నిలువుగా నిలబెట్టిన ఎత్తైన వెసెల్) అయితే ఫౌండేషన్ నీళ్ళ బరువు మోస్తుందా చూడండి, క్యూబిక్ మీటరుకి టన్ను. పది మీటర్ల ఎత్తుకి అడుగున దాదాపు ఒక బార్ ఎక్కువ పడుతుందని కూడా గుర్తుండాలి. మెటల్ చల్లగా ఉంటే బ్రిటిల్‌గా పగిలే ప్రమాదముంది, ఎండీఎంటీ (ఆ వెసెల్ డిజైన్ ప్రకారం మెటల్‌కి ఒప్పుకున్న కనిష్ఠ ఉష్ణోగ్రత) కన్నా 17 డిగ్రీలు పైన ఉండేలా చూసుకోండి. ఇవన్నీ చూసుకుని చేస్తే హైడ్రో వల్ల వెసెల్ పాడవదు.

మిగతావి గబగబా. హైడ్రో పాసైతే రేడియోగ్రఫీ (వెల్డుకి ఎక్స్‌రే) అక్కర్లేదా? కావాలి, ఈ రోజు 13 బార్ మోసిన లోపమే రేపు ప్రెషర్ ఎక్కి దిగే సైకిల్స్ పడి పెరగొచ్చు. పీడబ్ల్యూహెచ్‌టీ (వెల్డింగ్ తర్వాత చేసే హీట్ ట్రీట్‌మెంట్) ఉంటే హైడ్రో దాని తర్వాతే. స్టెయిన్‌లెస్‌కి దొరికిన నీళ్ళు పోసెయ్యకండి, వాటిలో క్లోరైడ్ ఎంతుందో ముందు చూడండి. గేజ్ ముల్లు అరగంట కదల్లేదని ఇంటికెళ్ళిపోవడం టెస్ట్ కాదు, టెస్ట్ ప్రెషర్ నుంచి కొంత దించాక ప్రతి జాయింటూ కంటితో చూడాలి.

నీళ్ళు దింపేటప్పుడు ముందు పైన వెంట్ తెరవండి, లేకపోతే వ్యాక్యూమ్ వచ్చి పల్చటి షెల్ లోపలికి సొట్టపోతుంది. చివర్లో, టెస్ట్ కోసం పెట్టిన బ్లైండ్లు (లైన్లు మూసే ప్లేట్లు) లెక్కపెట్టి అన్నీ తీశారో లేదో చూడండి, సేఫ్టీ వాల్వ్‌కి గ్యాగ్ (టెస్ట్‌లో అది తెరుచుకోకుండా పెట్టే బిగింపు) బిగించి ఉంటే అది తీసేదాకా ఆ వెసెల్‌ని ఎవరికీ అప్పజెప్పకండి.